తల ఎత్తమని అడగడం: నర్సు ఆలోచన గురించి కొన్ని మాటలు



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆవిడ పేరు ఆహ్వాన పత్రికలో లేదు. అది అచ్చు పొరపాటు కాదు. తన పింఛను డబ్బులోంచి ఈ నిధి ఏర్పాటు చేస్తూ ఆవిడే పిల్లలకు చెప్పారట: "పేరు వద్దు, వార్డు సిస్టరు అని వేయండి, చాలు" అని. ఆ మాట దాటే హక్కు నాకు లేదు. కాబట్టి నేను కూడా ఇవాళ సిస్టరుగారు అనే అంటాను. ఆవిడ చేతికింద పనిచేసినవాళ్లు ఈ హాల్లో పదిమందయినా ఉన్నారు. వాళ్లకు వేరే పేరు అక్కర్లేదు.

ఆవిడ చాలా ఏళ్లు మగవాళ్ల మెడికల్ వార్డు చూశారు. ఛాతీ మీద తలకిందులుగా పిన్నుతో పెట్టుకునే చిన్న గడియారం ఒకటి ఉండేది. చార్జి అప్పగించేటప్పుడు మేం "ఏడో నంబరు బాగున్నాడు సిస్టర్, పదో నంబరు బాగున్నాడు" అని గబగబా చెప్పుకుపోతుంటే ఆపి ఒకటే ప్రశ్న వేసేవారు: "నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటి?" జవాబు లేకపోతే మమ్మల్ని ఆ మంచం దగ్గరికి మళ్లీ తీసుకెళ్లేవారు. బస్సు తప్పిపోతుందని మేం లోపల్లోపల గొణుక్కున్న రోజులున్నాయి.

నర్సు మంచం పక్కన నిలబడి చేసే ఆలోచన ఒక విద్య. దాన్ని నేర్పవచ్చు, కాగితం మీద పెట్టవచ్చు, దానికి ఆస్పత్రి జవాబు చెప్పి తీరాలి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలిన సమయమంతా దీన్ని నిలబెట్టడానికి వాడుకుంటాను.

1

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. పత్తికి పురుగు పట్టిన సంవత్సరం. మా వార్డుకు పురుగుల మందు తాగిన కేసులు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ఈ ప్రాంతంలో పనిచేసినవాళ్లకు ఆ వాసన వేరే చెప్పనక్కర్లేదు, రోగి కంటే ముందు అదే గుమ్మం దాటి లోపలికొస్తుంది.

ఆ రైతుకు ముప్పై అయిదేళ్లుంటాయి. మొదటి రాత్రి కడుపు కడిగి, అట్రోపిన్ మీద అట్రోపిన్ ఇచ్చి నిలబెట్టారు. మూడోరోజు సాయంత్రానికి మాట్లాడుతున్నాడు. నోట్లో చొంగ ఆగింది, ఛాతీలో గురగుర పోయింది, సూదిమొనంత ఉన్న కనుపాపలు విచ్చుకున్నాయి. రౌండ్స్‌లో ప్రమాదం తప్పిందన్నారు. రాత్రి తొమ్మిదింటికి అతని భార్య నా బల్ల దగ్గరికొచ్చి, "అమ్మా, మెడ నిలపలేకపోతున్నాడు" అంది. "మూడు రోజులుగా తిండి లేదు కదమ్మా, నీరసం ఉంటుందిలే" అన్నాను. కేస్ షీట్లో కూడా నీరసమనే రాశాను, ఇంగ్లీషులో.

ఆ వారం సిస్టరుగారికి నైట్ సూపర్‌విజన్ డ్యూటీ. పదిన్నరకు మా వార్డుకొచ్చారు. ఆ అమ్మాయి మళ్లీ అదే మాట అంటే ఆగి, "ఏమన్నావమ్మా, ఇంకోసారి చెప్పు" అన్నారు. తర్వాత మంచం దగ్గరికెళ్లి, "అయ్యా, చేతుల ఊతం లేకుండా తల దిండు మీంచి ఎత్తు చూద్దాం" అన్నారు. గడ్డం కొంచెం కదిలింది, తల లేవలేదు. రెప్పలు సగం వాలి ఉన్నాయి. అవి నేనూ చూశాను, నిద్రమత్తు అనుకున్నాను. సిస్టరుగారు గడియారం పట్టుకుని నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టారు. 32, అదీ పైపైన. "గట్టిగా గాలి పీల్చుకుని ఒకటీ రెండూ లెక్కపెట్టు" అంటే తొమ్మిది దగ్గర ఆగిపోయాడు.

ఆర్గానోఫాస్ఫరస్ మందు తాగినవాళ్లలో కొందరికి, మొదటి లక్షణాలు సర్దుకున్నాక, సుమారు 24 నుంచి 96 గంటల మధ్య కండరాలు పట్టు వదలడం మొదలవుతుంది. మెడ, కనురెప్పలు, భుజాలు, తొడలు, ఆ తర్వాత ఊపిరి పీల్చే కండరాలు. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లియెద్దె దీన్ని ఇంటర్మీడియెట్ సిండ్రోమ్ అన్న పేరుతో వర్ణించారు. అట్రోపిన్ చొంగను, చెమటను, ఛాతీలో నీటిని ఆపగలదు గానీ, నరం కండరాన్ని కలిసే చోట వచ్చిన ఈ సడలింపు మీద అది పనిచేయదు. అప్పుడు ప్రాణం నిలిపేది వెంటిలేటరే. ఆ రాత్రి అతనికి గొట్టం వేశారు, పన్నెండో రోజున తీశారు. ఆ తర్వాత ఇంటికి నడిచి వెళ్లాడు.

2

ఆ భార్య నోటి నుంచి వచ్చింది ఒకే వాక్యం. ఇద్దరు నర్సులు విన్నారు. నాకు అందులో నీరసం వినిపించింది, సిస్టరుగారికి మెడ కండరం వినిపించింది. చెవులు ఇద్దరివీ బాగానే ఉన్నాయి. ఆ మాటను కలుపుకోవడానికి ఆవిడ దగ్గర ఏదో ఉంది, నా దగ్గర అది లేదు.

క్రిస్టీన్ టానర్ అనే అమెరికన్ నర్సింగ్ ఆచార్యురాలు 2006లో రాసిన వ్యాసం చదివినప్పుడు నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ ముందేసుకుని ఆవిడ తేల్చింది ఇది: మంచం దగ్గర కనిపించే వివరాల కంటే, ఆ మంచం దగ్గరికి నర్సు తనతో తెచ్చుకున్నదే నిర్ణయాన్ని ఎక్కువగా నడిపిస్తుంది. గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, జరిగినదాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడం అని నర్సు ఆలోచనను ఆవిడ నాలుగుగా చెప్పారు. నా లోపం మొదటి దాంట్లోనే ఉంది. గమనించనిదాన్ని ఎంత తెలివైనవాళ్లయినా అర్థం చేసుకోలేరు కదా.

అంతకుముందే, 1984లో, పాట్రీషియా బెన్నర్ కొత్త నర్సు నిపుణురాలిగా మారే దారిని అయిదు మెట్లుగా చూపించారు. నిపుణురాలికి "ఎందుకో బాగాలేదు" అని ముందే తోస్తుందని ఆవిడ రాశారు. చాలామంది ఇక్కడ ఆగిపోయి దాన్ని దేవుడిచ్చిన చూపు అంటారు. నేను ఒప్పుకోను. ఆ రాత్రి తర్వాత సిస్టరుగారిని అడిగాను, మీకెలా తెలిసిందని. అంతకుముందు అలాంటి ఇద్దరిని పోగొట్టుకున్నామని చెప్పారు. ఆ ఇద్దరి కేస్ షీట్లు మళ్లీ తిరగేశారట. ఇద్దరిలోనూ మూడోరోజు రాత్రి నీరసం అని ఎవరో రాసి ఉన్నారు. ఆ మాట మళ్లీ వినబడితే తల ఎత్తించి చూడాలని ఆవిడ అప్పుడే అనుకున్నారు. చనిపోయిన ఇద్దరు మనుషుల దగ్గర నేర్చుకున్న పాఠాన్ని వరమని కొట్టిపారేయకూడదు.

ఇక్కడ మన భాష సంగతి ఒకటి చెప్పాలి. మన రోగులు చాలా కచ్చితంగా మాట్లాడతారు. కళ్లు బైర్లు కమ్మాయంటారు, నాలుక మందంగా ఉందంటారు, మాట ముద్దగా వస్తోందంటారు, గుండె దడదడ అంటోందంటారు, ఒళ్లు తేలిపోతోందంటారు. ఇవన్నీ వేరు వేరు. మనం వీటిని వడకట్టి కేస్ షీట్లో రెండు మూడు ఇంగ్లీషు మాటల్లోకి కుక్కేస్తాం, "మెడ నిలపలేకపోతున్నాడు" నీరసమైపోయినట్టు. రోగి అన్న మాటను అన్నట్టే, తెలుగులోనే కొటేషన్లలో రాయమని నా విద్యార్థులకు చెబుతాను. పరీక్షకుడు మార్కులు కోస్తాడేమోనని భయపడతారు. కోస్తే నా దగ్గరికి రండి, నేను మాట్లాడతాను.

3

గమనించాక అసలు పని మొదలవుతుంది. మొదట తోచిన కారణాన్ని పట్టుకుని కూర్చోకపోవడమే విమర్శనాత్మక ఆలోచన. ఈ పెద్ద మాటను పాఠ్యపుస్తకాల్లో నిర్వచనాలుగా బట్టీ పట్టిస్తున్నాం. నేను ఒక మంచం దగ్గర చూపిస్తాను.

అలాంటిదే మందు తాగిన ఇంకో కేసు, రెండో రాత్రి. రెండు గంటలకు రోగి లేచి కూర్చుంటాడు, సెలైన్ పీకేస్తాడు, గాలిలో ఏవో పట్టుకోబోతాడు, తిడతాడు. వార్డుల్లో అలవాటయిన స్పందన ఏమిటో మీకు తెలుసు: ఎమ్‌ఎన్‌ఓను, అంటే మగ నర్సింగ్ ఆర్డర్లీని, పిలవడం, చేతులు మంచానికి కట్టడం, నిద్ర ఇంజక్షన్‌కు ఆర్డరు అడగడం.

సిస్టరుగారు ముందు ఒంటి మీద చెయ్యి వేసేవారు. చర్మం పొడిగా, వేడిగా ఉండి, కనుపాపలు బాగా విచ్చుకుని, కడుపులో పేగుల చప్పుడు లేకపోతే అది అట్రోపిన్ ఎక్కువైన గుర్తు. మందు తగ్గించమని డాక్టరుకు చెప్పాలి. చర్మం తడిగా, కనుపాపలు చిన్నగా, ఛాతీలో మళ్లీ గురగుర ఉంటే విషం తిరిగి పైచేయి అవుతోంది. అట్రోపిన్ ఇంకా కావాలి. చూడండి, పైకి కనిపించే గొడవ ఒకటే, చేయాల్సిన పని మాత్రం పూర్తిగా ఎదురు దిశలో ఉంది! తర్వాత పొత్తికడుపు తాకి చూసేవారు. అట్రోపిన్‌తో మూత్రం బిగుసుకుంటుంది. మూత్రాశయం ఉబ్బిన మనిషి చెప్పలేక పెనుగులాడతాడు. చేతులు కడితే ఇంకా పెనుగులాడతాడు. ఆ తర్వాత భార్యనో తమ్ముడినో పక్కకు పిలిచి, రోజూ తాగే అలవాటుందా అని అడిగేవారు. రోజూ తాగేవాడికి మద్యం ఆగిన రెండు మూడు రోజుల్లో వణుకు, చెమట, లేనివి కనబడటం వస్తాయి. చక్కెర చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఊపిరి చూడాలి. మెదడుకు ఆక్సిజన్ చాలని మనిషి కూడా ఇలాగే ప్రవర్తిస్తాడు, అతనికి నిద్ర ఇంజక్షన్ ఇస్తే తెల్లవారి లేవడు.

ఇదంతా చేయడానికి ఆవిడకు అయిదారు నిమిషాలు పట్టేది. ఏ పరికరమూ అక్కర్లేదు, ఒక టార్చిలైటు, ఒక స్టెతస్కోపు, ఒక గ్లూకోజు పట్టీ. కావలసినదల్లా "ఇంకేమయి ఉండొచ్చు?" అని అడిగే అలవాటు. నిర్ధారణ చేసేది డాక్టరే, ఆ గీత నేను దాటమనడం లేదు. కానీ ఏ వైపు చూడాలో తెల్లవారుజామున రెండింటికి ఆ మంచం పక్కనున్న మనిషి చెప్పకపోతే డాక్టరుకు ఎవరు చెబుతారు?

4

ఇప్పుడు చెప్పబోయేది నాకు కష్టమైన సంగతి.

టీపీఆర్ చార్టు మీ అందరికీ తెలుసు. ఉష్ణోగ్రతకు థర్మామీటరు ఉంది, నాడికి వేళ్లు పెడతాం, బీపీకి పట్టీ కడతాం. ఊపిరి గడి దగ్గరికొచ్చేసరికి ఏం రాస్తాం? 20. పక్క మంచానికి 20. ఇరవై నాలుగు పడకల వార్డులో ఇరవై నాలుగు ఇరవైలు. దేశం కాని దేశంలో పనిచేసి వచ్చిన సిస్టర్లూ అక్కడా ఇదే జబ్బు చూశామని చెప్పారు.

నేను సర్జికల్ వార్డులో ఉన్నప్పుడు పేగు ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ, నాలుగో రోజు. రాత్రి పన్నెండింటికి జ్వరం 99.4, నాడి 108, బీపీ 112. ఊపిరి 20 అని రాశాను. లెక్కపెట్టలేదు. ఆవిడ "ఎందుకో బాగాలేదమ్మా" అంది, నేను దుప్పటి సర్ది వెళ్లిపోయాను. తెల్లవారుజామున చేతులు చల్లబడ్డాయి. అప్పుడు లెక్కపెడితే 34. పేగు కుట్టు దగ్గర వదిలి కడుపంతా చీము పట్టింది. రెండో ఆపరేషన్ చేశారు. ఆవిడ బతకలేదు.

ఆ అంకె సరిగా రాసి ఉంటే బతికేదని నేను చెప్పలేను. అర్ధరాత్రి ఆవిడ ఊపిరి ఎంతుందో ఇవాళ ఎవరికీ తెలియదు, లెక్కపెట్టవలసిన మనిషిని నేనే కాబట్టి. ఈ గడి విషయంలో నేను ఇంత పట్టుదలగా ఉండటానికి ఆవిడే కారణం.

1990లో అమెరికాలో షైన్, ఆయన సహచరులు ఒక పరిశీలన అచ్చు వేశారు. ఆస్పత్రిలో ఉండగా గుండె ఆగిన 64 మంది రికార్డులు తీసి చూస్తే, వాళ్లలో 84 శాతం మందికి ముందరి 8 గంటల్లోనే పరిస్థితి దిగజారిన గుర్తులు రాసి ఉన్నాయి. రాసి ఉన్నాయి, ఎవరూ కలిపి చదవలేదు. అలా కలిపి చదివే పద్ధతుల్లో ఒకటి బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన న్యూస్ స్కోరు. ఊపిరి, ఆక్సిజన్, బీపీ, నాడి, స్పృహ, ఉష్ణోగ్రత అనే ఆరింటికి మార్కులు వేస్తారు. ఊపిరి 12 నుంచి 20 వరకు సున్నా. 21 నుంచి 24 వరకు 2. 25కు చేరగానే 3, ఒకే గడిలో 3 పడితే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి. మనం చూడకుండా రాసే 20 సరిగ్గా సున్నా మార్కుల అంచున కూర్చుని ఉంది! నా చార్టుకు ఇవాళ మార్కులేస్తే నాడికి పడే ఒకటి తప్ప ఇంకేమీ రాదు. ఆ కాగితం చూసి ఏ డాక్టరూ పరుగెత్తుకు రాడు.

"ఇప్పుడు వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంది కదా మేడమ్" అంటారు పిల్లలు. ఉంది, వాడండి. కానీ ఆక్సిజన్ పెట్టిన రోగిలో ఊపిరి కండరాలు పడిపోతున్నా అది కొంతసేపు 97 చూపిస్తూనే ఉంటుంది. వేళ్లు చల్లబడితే, గోళ్లకు రంగుంటే తడబడుతుంది. నల్లజాతి రోగుల్లో దాగి ఉన్న ఆక్సిజన్ లోటును అది తెల్లవారిలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయిందని 2020లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. మన చర్మం రంగు చూసుకుంటే అది మనమూ గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

5

అంకెలన్నీ సరిగా ఉన్నా నర్సుకు మనసు కుదుటపడని సందర్భాలుంటాయి. నెదర్లాండ్స్ పరిశోధకులు 2015లో నర్సుల ఆందోళన గురించి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, దాని వెనక ఏయే గుర్తులున్నాయో విడదీశారు. ఊపిరి తీరు మారడం, చలి వణుకు, అస్థిమితం, మునుపటిలా మాట్లాడకపోవడం, అనుకున్నట్టు కోలుకోకపోవడం, "నాకు బాగాలేదు" అని రోగే అనడం. పెద్దావిడ నాతో అన్నది ఈ చివరిదే. అది దుప్పటి సర్దితే తీరే మాట కాదని నాకు అప్పుడు ఎవరూ నేర్పలేదు.

ఆందోళనను మాటల్లో పెట్టడం కూడా నేర్చుకోవలసిందే. రైతు కేసు నాటి రాత్రి సిస్టరుగారు ఫోనులో డాక్టరుతో అన్నవి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: "మూడోరోజు ఆర్గానోఫాస్ఫరస్ కేసు సార్. సాయంత్రం దాకా బాగున్నాడు. ఇప్పుడు తల ఎత్తలేడు, ఊపిరి 32, ఒక్క ఊపిరిలో తొమ్మిది దాటడం లేదు. ఊపిరి కండరాలు పడిపోతున్నాయని నా అనుమానం. గొట్టం సామాను సిద్ధం చేస్తున్నాను, మీరు రావాలి." అమెరికా నావికాదళం నుంచి ఆస్పత్రులకొచ్చిన ఎస్‌బార్ పద్ధతిని ఇవాళ మనం నాలుగు భాగాలుగా పాఠం చెబుతున్నాం: పరిస్థితి, నేపథ్యం, అంచనా, కోరేది. ఆవిడ ఆ పేరు విని ఉండరు. నాలుగూ ఆ మాటల్లో ఉన్నాయి. మనవాళ్లు సాధారణంగా మూడోదీ నాలుగోదీ మింగేస్తారు. "సార్, నాలుగో నంబరు ఎలాగో ఉన్నాడు" అని ఆగిపోతారు. నా అనుమానం ఇది, మీరు రావాలి అని అనడానికి నోరు రాదు.

రాకపోవడానికి కారణాలున్నాయి. ఒకసారి సిస్టరుగారి అనుమానం తప్పయింది. అర్ధరాత్రి లేపిన డాక్టరు అందరి ముందూ కోప్పడ్డాడు. ఆవిడ కేస్ షీట్లో పిలిచిన సమయం, కారణం, డాక్టరు చూసి ఏమీ లేదన్న సంగతి రాసి సంతకం పెట్టి, మర్నాటి రాత్రి ఇంకో రోగికి అదే డాక్టరును మళ్లీ పిలిపించారు. ఈ సభలో ఉన్న డాక్టర్లను చేతులెత్తి కోరుతున్నాను: మీరు విసుక్కున్న నర్సు ఆ తర్వాతి పది రాత్రులు పిలవదు. ఆ పదిలో ఏ రాత్రి ఏమయిందో మీకు ఎప్పటికీ తెలియదు.

6

చివరగా లెక్క ఒకటి. ఒక రోగి ఊపిరి నిండు నిమిషం లెక్కపెట్టాలి. రాత్రి నలభై పడకలకు ఒకే నర్సు ఉంటే ఒక్క ఊపిరి గడికే నలభై నిమిషాలు. మంచానికీ మంచానికీ మధ్య నడక, మందులు, కొత్త కేసు, సెలైన్ అయిపోయిందని పిలుపు, ఇవన్నీ అందులో కలపలేదు. తీరిక లేని చోట ఆలోచించమని నర్సును ఒక్కదాన్నే నిలదీయడం అన్యాయం. లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రులను పరిశీలించి 2002లో చెప్పింది: నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడిన కొద్దీ, ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోంది. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం బోధనాస్పత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరైనా ముగ్గురితో రాత్రి డ్యూటీ చేశారా? పాలకులు ఈ మాట వినాలి, నేను మెత్తగా చెప్పదలచుకోలేదు.

చదువు సంగతి రెండు ముక్కల్లో. అమెరికా వెళ్లే మన పిల్లలు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షలో 2023 ఏప్రిల్ నుంచి రోగి కథ ఇచ్చి, ఏ గుర్తు ముఖ్యం, దేన్ని ముందు అనుమానిస్తావు, ముందు ఏం చేస్తావు అని మెట్టు మెట్టుగా అడుగుతున్నారు. దానికోసం పిల్లలు కోచింగుల్లో డబ్బు పోసి ఈ ఆలోచన నేర్చుకుంటున్నారు. అదే ఆలోచన ఇక్కడి రోగికి అక్కర్లేదా? వారానికి ఒక గంట, ఒక పాత కేస్ షీటు ముందేసుకుని, పేర్లు తీసేసి, ఎవరినీ తప్పుపట్టకుండా, ఏ గంటకు ఏది కనిపించింది, ఏది జారిపోయింది అని విద్యార్థులూ సిస్టర్లూ కలిసి చదవడం ఈ కళాశాలలో మొదలుపెట్టమని ప్రిన్సిపాల్ మేడమ్‌గారిని అడుగుతున్నాను. మొదటి వారానికి నా సర్జికల్ వార్డు కథ నేనే తెస్తాను.

నాకిచ్చిన సమయం దాటిపోయింది. సిస్టరుగారి నిధి వడ్డీలోంచి ఏటా ఆఖరి సంవత్సరం విద్యార్థులకు సెకన్ల ముల్లున్న గడియారాలు ఇవ్వాలని ఆవిడ రాసిపెట్టారు. అవి ఈ బల్ల మీద ఉన్నాయి. రాత్రి డ్యూటీ ఉన్నవాళ్లు ముందు వచ్చి తీసుకోండి, మీకు బస్సు టైమవుతోంది.